గేటు దగ్గర తలలు తడిమే అవ్వ

ముందుగా ఒక మాట చెప్పాలి. నేను ఐదో తరగతి కూడా సరిగ్గా పూర్తి చెయ్యలేదు. ఇంత పొడుగు రాయడం నాకు ఇదే మొదలు. ళ ఎక్కడ పెట్టాలో ల ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. మా అమ్మాయి చిన్ని కొన్ని తప్పులు దిద్దింది. "అన్నీ దిద్దితే నీ రాత పోయి నా రాత అయిపోతుందమ్మా" అని మిగతావి వదిలేసింది. మీకు కనిపించే తప్పులన్నీ నావే. కోప్పడకుండా చదవండి.

పోయిన నెలలో పోపు వేస్తుంటే సౌతాఫ్రికా నుంచి ఫోనొచ్చింది. మేము అక్కడ అద్దెకున్న ఇంటివాళ్ళ కోడలు సావిత్రి. అవ్వ పోయిందని చెప్పింది. చెప్పి, ఇంకో సంగతి అడిగింది. అదేమిటో చివర్లో రాస్తాను, ముందే రాస్తే మీకు అర్థం కాదు. అది విన్న దగ్గర్నుంచి నాకు ఏ పని మీదా మనసు ఆనడం లేదు. ఇల్లంతా ఊరికే తిరుగుతుంటే చూసి, "ఎవరికీ చెప్పుకోలేకపోతే రాసెయ్యి" అంది చిన్ని. అందుకని కూర్చున్నాను.

మాది అనకాపల్లి పక్క. మా ఆయన పంచదార ఫ్యాక్టరీలో రసం మరిగించే దగ్గర పనిచేసేవారు. గింజ ఎప్పుడు కడుతుందో చూసి చెప్పడం ఆయన పని. సౌతాఫ్రికాలో అందరికీ ఓటొచ్చిన మరుసటేడు అక్కడి మిల్లులో కాంట్రాక్టు దొరికింది. డర్బన్‌కి పైన, సముద్రం పక్కన, టోంగాట్ అనే ఊరు. అద్దెకి దిగిన ఇంటి ఓనర్లు తెలుగువాళ్ళే అంటే నేను తెగ సంబరపడిపోయాను. వెళ్ళి చూస్తే వాళ్ళ తాతల తాతలు ఎప్పుడో ఓడెక్కి చెరుకు కోతకి వెళ్ళినవాళ్ళు. గోడ అవతలే వాళ్ళిల్లు, ఇంట్లో అందరిదీ ఇంగ్లీషే. సావిత్రికి అక్క, మామ, పప్పు, పులుసు అనే మాటలొచ్చు. ఆ పైన గట్టిగా నవ్వడం వచ్చు. తెలుగు మిగిలింది వాళ్ళ అత్తగారికి ఒక్కదానికే. ఆవిడే నేను చెప్పే అవ్వ. ఆవిడ పేరు రాయను. ఆ ఇంట్లో కూడా ఎవరూ పేరు పెట్టి పిలవలేదు.

మొదటి రోజు పొద్దున్న బట్టలు ఉతికి తీగ మీద ఆరేశాను. కాసేపటికి ఆకాశంలోంచి నల్లగా ఏదో రాలడం మొదలెట్టింది. కాకి ఈకల్లా మెత్తగా, మెల్లగా తిరుగుతూ పడుతున్నాయి. ఏదో ఇల్లు తగలబడిందని భయపడి, చిన్నిని ఎత్తుకుని నిలబడిపోయాను. గోడ అవతల నుంచి కేక వినపడింది.

"ఓలే గుంటా! ఏటి సూసేది? బట్టలు తీసేది! సెరుకు కాల్చేది!"

నాకు ఏడుపొచ్చేసింది. భయంతో కాదు. 'ఓలే గుంటా' అని మా నాయనమ్మ పిలిచేది. ఆవిడ పోయాక మా ఊళ్ళో నన్ను ఎవరూ అలా పిలవలేదు. సముద్రం దాటి ఇంత దూరం వస్తే ఈ గోడ వెనకాల ఆ మాట ఉంది.

కోతకి ముందు చెరుకు తోటకి నిప్పు పెడతారట అక్కడ. ఆకంతా కాలిపోతే గడ మిగులుతుంది, కొయ్యడం సులువు. ఆ మసి ఊరంతా రాలుతుంది. మా వైపు అలా చెయ్యరు. అవ్వ గోడ చుట్టూ తిరిగి మా వాకిట్లోకి వచ్చింది. పొట్టి మనిషి. చీర మీద ఏప్రన్ కట్టుకుంది. బట్టలు తీసిపెడుతుందనుకున్నాను. తియ్యలేదు. తిన్నగా వచ్చి చిన్ని నడినెత్తి మీద అరచెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచింది.

"ఒకతేనా?"

"ఒకతేనండి."

"లోపల పెట్టేది. కాల్చేటప్పుడు బిడ్డ బయట ఉండేది లేదు" అని వెళ్ళిపోయింది. బట్టలు నల్లబడ్డాయి.

ఆవిడకి మాటల చివర్లు పోయాయి. వచ్చాను, వస్తాను, వస్తున్నాను, ఎప్పుడో తప్ప అన్నింటికీ 'వచ్చేది' అనేసేది. నిన్నకీ రేపటికీ తేడా ఉండేది కాదు. అలవాటయ్యాక నాకు హాయిగానే ఉండేది. దేనికైనా చివర్లో "ఏటి చేసేది?" అనేది. కూర మాడినా అదే, కరెంటు పోయినా అదే. వాళ్ళాయన ఎలా పోయారని అడిగితే కూడా, మిల్లు గేటు దగ్గర కూలిపోయాడని చెప్పి, "ఏటి చేసేది?" అంది.

చిన్నికి అప్పటికి మూడు నిండాయి. మా ఊళ్ళో ముద్దుముద్దుగా మాట్లాడేది. అక్కడికి వెళ్ళాక కొన్నాళ్ళకి మాట తగ్గింది, తర్వాత ఆగిపోయింది. ఆకలేస్తే గిన్నె తెచ్చి చూపించేది. డాక్టరు చెవి చూశాడు, నోరు చూశాడు. అన్నీ బాగున్నాయి, పిల్లలతో ఆడనివ్వండి అన్నాడు. పిల్లల్ని ఎక్కడ తేను? ప్రతి ఇంటికీ గేటు, గేటుకి గొలుసు, లోపల కుక్క. ఎవరిని చూసినా దొంగల మాట, తుపాకుల మాట. మా ఆయనవి షిఫ్టులు. నాకు ఇంగ్లీషు రాదు. నేనూ చిన్నీ కిటికీ ఊచలు పట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చునేవాళ్ళం. దానికి మాట లేదు, నాకు మాట్లాడే మనిషి లేదు.

ఒక రోజు తెగించి అవ్వని అడిగాను. "అవ్వా, నాకు పిల్లలు కావాలి."

ఆవిడ చేమదుంపలు ఒలుస్తోంది. తల ఎత్తకుండా, "మొగుణ్ణి అడిగేది. నన్ను ఏటి అడిగేది?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆడుకోడానికి పిల్లలు అని మళ్ళీ చెప్పాను. ఆవిడ అప్పటికే భుజాలు కదిలేలా నవ్వుతోంది. నవ్వు అయ్యాక చిన్ని వంక చాలాసేపు చూసింది. దుంపల గిన్నె నా చేతిలో పెట్టి లేచింది.

ఆ మధ్యాహ్నం అవ్వ సత్తు పళ్ళెం, గరిటె పట్టుకుని వీధిలోకి వెళ్ళింది. ప్రతి గేటు దగ్గరా పళ్ళెం వాయించింది. కుక్కలు మొరిగితే కుక్కల్ని తిట్టింది. తల్లులు బయటికొస్తే తల్లుల్ని తిట్టింది. "నీ గుంటణ్ణి పెట్టెలో పెట్టి పెంచేది? వాడేం బంగారమా? పంపేది!" వాళ్ళకి తెలుగు రాదు. అయినా తిడుతోందని అర్థమైంది. ఆ వీధిలో సగం మందిని చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన చెయ్యి అది. మర్నాడు పొద్దున్న మా కారు షెడ్డు ముందు పిల్లలున్నారు. మాకు కారు లేదు కాబట్టి షెడ్డు ఖాళీయే. అవ్వ మనవడు ప్రెషన్ అందరికంటే ముందొచ్చి, పెద్ద మేస్త్రీలా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

అదే మా ఆటల బడి. దానికి పేరు లేదు. గోనెసంచులు పరిచాం. ఒక మూల ఇసుక పోశాం. పాత గిన్నెలు, డబ్బాలు, మిల్లు నుంచి మా ఆయన తెచ్చిన చెక్కముక్కలు. గంజి కాచేదాన్ని. అవ్వ పాల క్రేటు బోర్లించి గేటు పక్కన దాని మీద కూర్చునేది. ఏప్రన్ జేబులో ఉడకబెట్టిన చేమదుంపలు పెట్టుకుని, ఏడ్చినవాడి నోట్లో ఒకటి కుక్కేది. కారంగా ఉండేది. ఏడుపు ఆగకపోయినా కారణం మారిపోయేది. "తూలా!" అనేది. అది అక్కడి నల్లవాళ్ళ జులూ మాట, నోరు ముయ్యమని.

మాకు రెండో పక్క ఇంట్లో పనిచేసే జులూ ఆవిడ థాండి కూతురు నోముసా కంచె అవతల నుంచి రోజూ చూసేది. ఒక రోజు అవ్వ వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసింది. మర్నాడు ఒకామె గేటు దగ్గరే నిలబడి ఇంగ్లీషులో ఏదో సణిగింది. అవ్వ క్రేటు మీంచి లేవలేదు. "ఓటు వేసేది వచ్చినాది. ఇసకలో ఆడేది రాదా?" అని నాతో తెలుగులో అని, ఆమెతో ఇంగ్లీషులో ఇంకేదో అంది. ఆమె తన పిల్లాణ్ణి వదిలేసే వెళ్ళింది. ఏమన్నావవ్వా అంటే, "వాళ్ళమ్మకి చెప్పేది అన్నాను" అంది. ఆ తల్లికి నలభై ఏళ్ళుంటాయి.

అవ్వకి ఒక అలవాటుంది. అది చెప్పడానికే ఇదంతా.

పొద్దున్న పిల్లలందరూ వచ్చాక గేటుకి గొలుసు వెయ్యాలి కదా. వేసే ముందు అందర్నీ వరసలో నిలబెట్టేది. ఒక్కొక్కరి నడినెత్తి మీద అరచెయ్యి ఆనించేది. అంకెలు లెక్కపెట్టేది కాదు, పేర్లు చదివేది కాదు. ఊరికే తడిమేది. గుడ్డివాళ్ళు మొహం తడిమి చూస్తారే, అంత నిదానంగా. వరస చివరికొచ్చాక రోడ్డు వైపు తిరిగేది. మా రోడ్డు దిగువన చెరుకు తోటలో కలిసిపోతుంది. అటు చూసి ఒక్కసారి, "రా!" అని కేకేసేది. ఎవరూ వచ్చేవారు కాదు. కాసేపు చూసి గొలుసు వేసేది.

వెనకబడ్డ పిల్లాడెవడినో పిలుస్తోందని మొదట్లో అనుకున్నాను. ఎవరూ వెనకబడని రోజు కూడా పిలిచేది. పిల్లలకి అది ఆటైపోయింది. ఆవిడతో కలిసి అందరూ రోడ్డు వైపు తిరిగి "రా!" అని అరిచేవారు. నోముసా అయితే అచ్చం అవ్వలాగే మెడ ముందుకి చాపి అరిచేది. అవ్వ నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. చిన్ని మాత్రం నోరు తెరవకుండా రోడ్డు వైపు చూసేది.

ఆ రోజుల్లోనే డర్బన్‌లో గ్రే స్ట్రీట్ కొట్లో చింతపండు కొంటుంటే నాకు లక్ష్మిగారు పరిచయమయ్యారు. హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టరుగారి భార్య. ఆ ఊళ్ళోనే ఆషర్‌విల్‌లో ఉండేవారు. మా సంగతి విని, "దీన్ని ప్లే గ్రూప్ అంటారు, మా బాబుకీ తెలుగు వస్తుంది" అని శనివారాలు కారులో బాబుని తీసుకొచ్చేవారు. రంగుల పుస్తకాలు తెచ్చేవారు. మంచి మనిషి. అవ్వ తిట్లు విని మొదట చెవులు మూసుకున్నారు. తర్వాత ఆవిడే, "ఇంకోసారి అనండవ్వా" అని అడిగి మరీ తిట్టించుకునేవారు.

ఒక శనివారం అవ్వ వాళ్ళింట్లో పప్పు పొయ్యి మీద పెట్టడానికి వెళ్ళింది. లక్ష్మిగారు పిల్లలకి కొత్త ఆట నేర్పుదామన్నారు. దాగుడుమూతలు. అక్కడి పిల్లలకి ఆ ఆట రాకపోవడమేమిటని నేను కూడా అనుకోలేదు. ఆ వీధి పిల్లలు దాక్కునే ఆట ఆడరని, ఆడనిచ్చే చెయ్యి కాదు వాళ్ళని పెంచిందని నాకేం తెలుసు? లక్ష్మిగారి బాబు కళ్ళు మూసుకున్నాడు. పిల్లలు తలో మూలకీ పరిగెత్తారు. చిన్ని కూడా పరిగెత్తింది. దాని మొహంలో నవ్వు చూసి నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మురిసిపోయాను.

అప్పుడే మసి రాలడం మొదలైంది. ఆ రోజు దిగువ తోటకి నిప్పు పెట్టారు.

అవ్వ గరిటె చేత్తో పట్టుకునే బయటికొచ్చింది. గోనెసంచుల మీద ఎవరూ లేరు. ఇసకలో ఎవరూ లేరు. గేటు తీసే ఉంది. ఆకాశం వంక చూసింది.

"దాక్కున్నారవ్వా, ఆట" అన్నాను. ఆవిడకి వినపడలేదు. గరిటె కింద పడేసి రోడ్డు మీదకి పరిగెత్తింది. కాళ్ళకి చెప్పుల్లేవు. అంత వయసు మనిషి అంత జోరుగా ఎలా పరిగెత్తిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను వెనకాల పరిగెత్తాను. దారి పొడుగునా "పాపమ్మా! పాపమ్మా!" అని అరుస్తోంది. మా పిల్లల్లో ఆ పేరు ఎవరికీ లేదు. మంటలు ఇంకా దూరంగా, కొండ వారకి ఉన్నాయి. ఆవిడ మా వైపు తోట అంచున కూర్చుండిపోయి, రెండు చేతుల్తో చెరుకాకు చీల్చుకుంటూ లోపలికి దారి చేస్తోంది. చెరుకాకు కత్తిలా కోస్తుంది. అరచేతుల నిండా రక్తం.

"అవ్వా, పిల్లలు ఇంట్లోనే ఉన్నారు" అని పట్టుకుని వెనక్కి లాగాను. లక్ష్మిగారు పిల్లలందర్నీ రోడ్డు మీదకి తీసుకొచ్చేశారు. అవ్వ వాళ్ళ వంక చూసింది. వరసగా, రక్తం చేత్తోనే, ఒక్కొక్కరి తలా తడిమింది. పిల్లలు బిక్కచచ్చిపోయారు. చివరిదాకా తడిమి, మళ్ళీ తోట వైపు తిరిగింది. ఈసారి "రా" అనలేదు.

ఆ మధ్యాహ్నం చేతులు కడిగి పసుపు అద్దుతుంటే చెప్పింది. సావిత్రి పనిచేసే కొట్టు నుంచి ఇంకా రాలేదు. ఉన్నా ఆ మాటలు సావిత్రికి అర్థమయ్యేవి కాదు. అవ్వ ఇంగ్లీషులో చెప్పలేక కాదు. అది ఇంగ్లీషులో రాదు ఆవిడకి. జరిగినప్పుడు ఆవిడకి తెలుగు ఒక్కటే వచ్చు.

"అమ్మ, నాన్న, అందరూ కోసేది. నేను గుంట. నాకు పని, చిన్న బిడ్డల్ని చూసేది. మా సెల్లి పాపమ్మ, అదీ నా దగ్గరే. దాక్కునేది ఆట. మేము ఆడేది."

ఆగింది. చేతికి ఇంకొంచెం పసుపు అద్దాను.

"సర్దారు వచ్చినాడు. నిప్పు పెట్టేది అన్నాడు. 'అందరూ బయటేనా?' అని అడిగినాడు. నన్ను అడిగినాడు. బిడ్డలు నా దగ్గర కదా. నేను సూసినాను, బిడ్డలు ఉండారు. శానామంది ఉండారు. 'అందరూ బయటే' అన్నాను."

కూలీల మీద పెద్దని సర్దారు అంటారు. ఆయన తప్పు కూడా లేదు. అడిగాడు కదా.

"నేను కళ్ళతో సూసినాను. చేత్తో సూసేది లేదు" అంది. అరచేతులు తన వైపు తిప్పుకుని చూసుకుంది. "దాక్కునేది బాగా దాక్కునేది, పాపమ్మ. పిలిస్తే వచ్చేది లేదు. ఆట అనుకునేది."

నేను పసుపు గిన్నె పట్టుకుని కూర్చున్నాను. మీరైతే ఏమంటారు? నువ్వు చిన్నపిల్లవి కదవ్వా అన్నాను. అది ఆవిడకి తెలియదా?

"ఇంట్లో ఈ మాట ఎవరికీ తెలిసేది లేదు. సెల్లి సచ్చినాది అని తెలిసేది. నన్ను అడిగినాడని తెలిసేది లేదు" అంది. "మా అమ్మకీ తెలిసేది లేదు." అని లేచి, "ఏటి చేసేది? పప్పు మాడేది" అని వాళ్ళింట్లోకి వెళ్ళిపోయింది. పప్పు నిజంగానే మాడిపోయింది.

తర్వాత రోజుల్లో పిల్లలు తగ్గిపోయారు. తలల మీద రక్తం చూసిన తల్లులు ఊరుకుంటారా? ముసలావిడకి మతి తప్పిందన్నారు. లక్ష్మిగారు ఫోన్ చేసి, "ఏమీ అనుకోకండి, బాబు రాత్రిళ్ళు ఉలిక్కిపడుతున్నాడు" అన్నారు. ఆవిడని ఏమంటాం? నేనైనా అంతే కదా. అసలు సంగతి చెప్తే అర్థం చేసుకునేవారేమో. కానీ అవ్వ తన అమ్మకే చెప్పని మాట నేను ఎవరికి చెప్పను? నోరు కట్టేసినట్టయింది. ఇంట్లో మాట రాని పిల్లకి తోడు మాట చెప్పలేని తల్లి.

షెడ్డులో ప్రెషన్, నోముసా, చిన్ని మిగిలారు. అవ్వ రావడం మానేసింది. కిటికీలోంచి కనిపించేది, మంచం మీద గోడవైపు తిరిగి. సావిత్రి తలుపు దగ్గర నిలబడి, నా దగ్గర పట్టుకున్న నాలుగు ముక్కలతో, "వాట్ టు డు అక్కా, తినేది లేదు, టాక్ చేసేది లేదు" అని కళ్ళు తుడుచుకునేది. మా ఆయన, "ఇంక ఆపెయ్యి, అవ్వనైనా ప్రశాంతంగా ఉండనీ" అన్నారు. ఆపేస్తే చిన్ని మళ్ళీ కిటికీ ఊచల దగ్గరికే. గోనెసంచులు మడిచేదాన్ని, మళ్ళీ పరిచేదాన్ని.

అలా కొన్నాళ్ళు పోయాక, ఒక పొద్దున్న చిన్ని తనంతట తనే వెళ్ళి గేటు దగ్గర నిలబడింది. దాని వెనకాల నోముసా నిలబడింది. ప్రెషన్ ఇసకలోంచి లేచొచ్చాడు. ముగ్గురూ వరసలో నిలబడి అవ్వ ఇంటి వైపు చూస్తున్నారు. గొలుసు వెయ్యాలంటే తలలు తడమాలి, అది వాళ్ళకి తెలుసు. నేను వేద్దామని వెళితే నోముసా గొలుసు పట్టుకుని ఇవ్వలేదు.

ఎంతసేపు నిలబడ్డారో. అవ్వ బయటికొచ్చింది. చేతులకి గుడ్డలు చుట్టి ఉన్నాయి. జుట్టు చెదిరిపోయి ఉంది. వచ్చి చిన్ని తల తడిమింది, నోముసా తల తడిమింది, ప్రెషన్ తల తడిమింది. రోడ్డు వైపు తిరిగింది. "రా" అంది.

అప్పుడు చిన్ని వరస ముందు నుంచి కదిలి, చుట్టూ తిరిగి ప్రెషన్ వెనకాలకి వెళ్ళింది. అవ్వ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దాని కింద తల పెట్టింది.

"వచ్చేసా" అంది.

ఎన్ని నెలల తర్వాతో విన్నాను దాని గొంతు. నాకు పరిగెత్తుకెళ్ళి ఎత్తుకోవాలనిపించింది. ఎత్తుకోలేదు. అది ఎవరి బదులు ఆ మాట అందో నాకు తెలుసు. దానికి తెలియదు.

అవ్వ చెయ్యి తీయలేదు. కిందకి చూసింది. మెల్లగా, కోపం లేకుండా అంది. "నువ్వు కాదే. నువ్వు సిన్ని."

"వచ్చేసా" అంది చిన్ని మళ్ళీ.

"నువ్వు కాదు" అని గొలుసు వేసింది. క్రేటు మీద కూర్చుంది. జేబులో దుంపల్లేవు. ఖాళీ జేబులో చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

తర్వాత రోజూ అదే. చిన్ని రెండోసారి వచ్చి తల పెట్టేది, "వచ్చేసా" అనేది. అవ్వ, "నువ్వు కాదు" అనేది. ఒక్కరోజు కూడా అబద్ధానికైనా సరేనే అనలేదు. అయినా ఆ చెయ్యి రెండోసారి కాస్త ఎక్కువసేపు ఉండేది. ఆ ఒక్క మాట నుంచే మా పిల్లకి మిగతా మాటలు వచ్చాయి. తెలుగు, ఇంగ్లీషు, నోముసా దగ్గర జులూ, అవ్వ దగ్గర తిట్లు. కొందరు పిల్లలు మళ్ళీ వచ్చారు. లక్ష్మిగారు రాలేదు. నా పిల్ల బాగుపడింది. అవ్వకి ఏమైనా తేలికపడిందా అని అడిగితే, నాకు తెలియదు. పడలేదనే అనుకుంటాను.

నోముసా, ప్రెషన్ ఒకే బడిలో చేరిన ఏడాది మా కాంట్రాక్టు అయిపోయింది. ఇక నుంచి ఆ పని అక్కడి వాళ్ళకే నేర్పి ఇస్తామన్నారు. అది న్యాయమే అన్నారు మా ఆయన. సామాన్లు కట్టేశాం. కారు వచ్చింది. అవ్వ గేటు దగ్గర నిలబడింది. మేము ఎక్కాక కిటికీలోంచి చెయ్యి పెట్టి చిన్ని తల తడిమింది, నా తల తడిమింది. మా ఆయన సిగ్గుపడుతూ వంగితే ఆయనదీ తడిమింది. డ్రైవరు కూడా తనే తల వంచాడు. అతన్ని, "హంబా!" అని కసిరింది, పో అని. అందరం నవ్వాం. కారు మలుపు తిరిగేదాకా వెనక్కి చూశాను. గేటు తీసే ఉంది. ఆవిడ ఆ రోజు రోడ్డు వైపు తిరిగి పిలవలేదు. పిలిస్తే మేము తిరిగొచ్చేస్తామని భయపడిందేమో.

ఇప్పుడు సావిత్రి ఫోన్లో అడిగిన సంగతి.

అవ్వకి చివర్లో ఇంగ్లీషు పోయిందట. ఎవరినీ గుర్తుపట్టలేదట. కళ్ళు మూసుకుని, దుప్పటి మీద అరచెయ్యి ఒక్కోచోట ఆనించి, జరిపి, మళ్ళీ ఆనించి, తడుముతూనే ఉండేదట. ఒకే మాట అడిగేదట.

"అక్కా, నాకు ఆ మాట రిమెంబర్ ఉండేది. 'అందరూ బయటేనా' అనేది. డే అండ్ నైట్ అదే. మాకు ఏం తెలిసేది? ప్రెషన్ అన్నాడు, ఏదో అడిగేది, యెస్ చెప్పండి అని. మేము 'యెస్ మా, యెస్ మా' అన్నాం. అందరం అన్నాం. యెస్ అంటే కళ్ళు తెరిచేది. మమ్మల్ని ఒక్కొక్కర్నీ సూసేది. మళ్ళీ అడిగేది." సావిత్రి ముక్కు చీదుకుంది. "మీనింగ్ ఏమిటి అక్కా?"

పోపు మాడిపోతోంది. స్టవ్ కట్టేశాను. ఆ ప్రశ్న ఆవిడని ఎవరు అడిగారో, ఏం జవాబు చెప్పిందో ఈ భూమ్మీద ఇంక నాకు ఒక్కదానికే తెలుసు. వాళ్ళు పాపం, మంచం చుట్టూ నిలబడి, అదే జవాబు ఆవిడకి చెప్పారు.

"అందరూ బయటికొచ్చేశారా అని అడిగింది" అన్నాను.

"ఓ! అయితే మేము యెస్ అనేది రైటే కదా అక్కా?"

"రైటే" అన్నాను.

సావిత్రికి తేలికపడింది. థాంక్యూ అక్కా అంది. పదో రోజు పూజ గురించి అడిగింది, నాకు తెలిసింది చెప్పాను.

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక చిన్నికి అంతా చెప్పాను. తను అప్పుడు ఎవరి బదులు తల పెట్టిందో కూడా మొదటిసారి చెప్పాను. ఇప్పుడది నోరు మూస్తే బాగుండునని మేమే అంటాం, అంత మాట్లాడుతుంది. ఆ పూట మాత్రం అన్నం కంచం ముందు తన నడినెత్తి మీద తనే చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

ఇంతే నాకు రాయడం వచ్చింది. రాసినదంతా మళ్ళీ మొదట్నుంచీ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసుకున్నాను. అయినా ఎక్కడో ఏదో ఒకటి విడిచిపెట్టేసే ఉంటాను. మీకు కనిపిస్తే దయచేసి క్షమించండి, దాన్ని మీరే గేటు లోపలికి తీసుకోండి.